తామరకు పూసే మలాములు



వానాకాలం మొదలైతే నర్మెట్ట మండలంలో నన్ను అడిగే ప్రశ్నలు యేవో నాకు ముందుగానే తెలుసు. వరి కుదుళ్ళకు పాముపొడ మచ్చలు వచ్చినవి, యేమి కొట్టాలె? పత్తి ఆకు యెర్రబారుతున్నది, యే యెరువు వెయ్యాలె? ఇటువంటివి. వీటిని రైతు వేదికలో పదిమంది ముందు నిలబడి అడుగుతారు. కాని నాలుగైదేండ్లుగా మరియొక ప్రశ్న కూడా వస్తూ వున్నది. దానిని పదిమందిలో అడగరు. మీటింగు అయిపోయి, నేను బండి తాళం తీసే సమయంలో, ఒకరు మెల్లిగా పక్కకు వచ్చి, అటూ యిటూ చూసి అడుగుతారు. "సారూ, గీ తీట పోతలేదు. మూడు ట్యూబులు పెట్టిన. పెట్టినప్పుడు పోతది, మానంగనె మళ్ళ వస్తది. మీ మందులల్ల దీనికేమన్న వున్నదా?"

మొదటిసారి విన్నప్పుడు నవ్వు వచ్చింది. రెండోసారి రాలేదు. ఎందుచేతనంటే "మీ మందులు" అంటే పంటమీద కొట్టే మందులు. వెల్దండ వైపు ఒక రైతు పొడ తెగులుకు తెచ్చిన మందులో గుడ్డ ముంచి నిజంగానే తొడకు రాసుకొన్నాడు. చర్మం పొక్కి వారం దినాలు మంచం మీద వున్నాడు. ఆ సంగతి తెలిసిన తరువాత, యీ విషయం నేను చెప్పకపోతే తప్పు అవుతుందనిపించింది.

నేను వైద్యుణ్ణి కాను. వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణి. మనిషికి మందు రాసే అధికారము నాకు లేదు, రాయను కూడా. అయినా యీ విషయంలో రెండు కారణాల వల్ల నోరు విప్పుతున్నాను. మొదటిది, తామర అనేది శిలీంధ్రము. మనం పంటల తెగుళ్ళలో రోజూ మాట్లాడుకునే బూజు జాతి. రెండోది చెప్పుకోవడానికి సిగ్గుగా వున్నా చెబుతాను. నేను స్వయంగా ఆ ట్యూబు బాధితుణ్ణి.

సంగతి యిట్లా జరిగింది. ఒక వానాకాలం. నారుమళ్ళు చూడడానికి తడిసిన ప్యాంటుతోనే దినమంతా తిరిగేవాణ్ణి. నడుము దగ్గర, మొలతాడు వొరుసుకునే చోట, రూపాయి బిళ్ళంత మచ్చ లేచింది. అంచు యెర్రగా, పొక్కులు పొక్కులుగా, మధ్యలో మామూలు చర్మం. విపరీతమైన దురద. ఒక మందుల దుకాణంలో అడిగితే, మచ్చ చూడకుండానే, ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. "పెట్టుకోండి సార్, రెండు రోజుల్లో చూడండి" అన్నాడు. రెండు రోజులు కూడా పట్టలేదు. ఆ రాత్రికే దురద చల్లబడ్డది. మూడో నాటికి యెరుపు పోయింది. ఇంత మంచి మందు యింకొకటి లేదనుకొన్నాను. వారానికి మానేశాను.

పది రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి రూపాయి బిళ్ళ కాదు, అరచెయ్యంత. మళ్ళీ అదే ట్యూబు. మళ్ళీ చల్లబడ్డది. ఇట్లా నాలుగు నెలలు. మచ్చ నడుము చుట్టూ తిరిగి తొడల సందుల్లోకి దిగింది. మా యింట్లో ఆమెకు వచ్చింది. ఆ తరువాత మా అయిదేండ్ల పాప చెంపమీద చిన్న గుండ్రని మచ్చ కనబడితే, మా అమ్మ ప్రేమకొద్దీ, "నాయనకు పోయింది గద, పోరికి పోదా" అని ఆ ట్యూబే పాప ముఖానికి రాసింది. అప్పుడు భయం పట్టుకొన్నది. వరంగల్‌లో చర్మవ్యాధుల డాక్టరమ్మగారి దగ్గరికి ముగ్గురమూ వెళ్ళాము.

ఆమె మచ్చను తరువాత చూసింది. ముందు, "ఏం పూశారు? ట్యూబు తెచ్చారా?" అని అడిగింది. జేబులోంచి తీసి యిచ్చాను. వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు నాచేత చదివించింది. నాలుగు మందులు కలిపి వున్నవి. బూజును చంపేది ఒకటి, సూక్ష్మజీవులను చంపేవి రెండు, నాలుగోది క్లోబెటసాల్. "మీరేం ఉద్యోగం చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. "మీ రైతు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొడతానంటే మీరు ఒప్పుకుంటారా?" అన్నది.

నాకు జవాబు లేదు. డబ్బా రంగు చూసి, దుకాణదారు మాట విని మందు కొనవద్దని, లోపల వున్న అసలు మందు పేరు చదవండని యెన్ని వూళ్ళలో మొత్తుకున్నానో! ఆ మొత్తుకునేవాణ్ణి నా నడుముకు పూసుకునేదాని పేరు చదవలేదు.

తరువాత ఆమె ఒక మొద్దు బ్లేడుతో మచ్చ అంచున పొట్టు గీకి, గాజు పలకమీద పొటాషియం హైడ్రాక్సైడు చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను చూడమన్నది. సన్నని పోగులు, అక్కడక్కడ కణుపులు, కొమ్మలు. డిప్లొమా చదివేటప్పుడు తెగులు పట్టిన ఆకులమీద చూసిన పోగుల వంటివే. అవి వరిని తినేవి, యివి నన్ను తినేవి. అంతే తేడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మన చర్మం పైపొర, గోరు, వెంట్రుక, వీటిలో కెరాటిన్ అనే గట్టి పదార్థం వుంటుంది. తామర బూజుకు అదే తిండి. తడి, చెమట, గాలి ఆడని చోటు దొరికితే పోగులు సాగుతవి. మధ్యలో నుండి నలువైపులా సాగుతవి కనుక మచ్చ గుండ్రంగా వస్తుంది. మధ్యభాగం మానినట్లు కనబడినా అంచున బూజు పెరుగుతూనే వుంటుంది. పొలంలో పొడ తెగులు ఒక కుదురు నుండి పక్క కుదుళ్ళకు పాకినట్లే. మచ్చ లేని చోట బూజు లేదని అనుకోవద్దు. కంటికి కనబడే అంచుకు ఆవలకూడా పోగులు పోయి వుంటవి.

దీనిని చంపే మందులు మంచివే వున్నవి. క్లోట్రిమజోల్ నూటికి ఒక వంతు, మైకోనజోల్ నూటికి రెండు వంతులు, కీటోకోనజోల్ నూటికి రెండు వంతులు, టెర్బినాఫిన్ నూటికి ఒక వంతు. క్రీము రూపంలో సాధారణంగా దొరికేవి యివి. పేర్ల చివర "జోల్" వున్నవాటిని చూస్తే మీకు ఒక చుట్టరికం గుర్తుకు రావాలి. వరి పొడ తెగులుకు మనం కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ కూడా ఆ వంశంలోవే. బూజు తన కణం గోడకు ఆనుకొన్న పొరను కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ అనే పదార్థం చేసుకుంటుంది. అది తయారుకాకుండా యీ మందులు అడ్డుపడతవి. దారి ఒకటే. అయితే వంశం ఒకటైనంత మాత్రాన పొలం మందు వొంటికి పనికి రాదు. దానిలో కలిపే ద్రావకాలు, దాని గాఢత, అన్నీ ఆకు కోసం చేసినవి. చర్మం కోసం కాదు. ఈ మాట గట్టిగా పట్టుకోండి. స్ప్రే మందు, కిరోసిను, బ్యాటరీ నీళ్ళు, సున్నం, జీడి రసం, పచ్చి వెల్లుల్లి ముద్ద, యివేవీ తామర మీద పెట్టరాదు. కాలిన పుండు తామర కంటె చెడ్డది.

పొలానికీ యీ మందులకూ మధ్య మరియొక పాత కథ వున్నది. గ్రైసియోఫల్విన్ అనే మందును 1939లో లండన్‌లో ఒక బూజు నుండి తీశారు. దానిని మొదట మొక్కల తెగుళ్ళ మీద పరీక్షించారు. మనిషికి పనికి వస్తుందని ఆనాడు యెవరూ తలచలేదు. దాదాపు యిరవై యేండ్ల తరువాత, 1958లో, గ్లాస్గోలో జెంటిల్స్ అనే శాస్త్రజ్ఞుడు తామర పట్టిన గినీపందులకు దానిని మేతలో పెడితే అవి బాగుపడ్డవి. తామరకు లోనికి మింగే మందు అట్లా పుట్టింది. దానికంటె ముందు దవాఖానాల్లో వున్నది వైట్‌ఫీల్డ్ మలాము. బెంజోయిక్ ఆమ్లం ఆరు వంతులు, సాలిసిలిక్ ఆమ్లం మూడు వంతులు. పెద్దవాళ్ళకు ఆ వాసన జ్ఞాపకం వుంటుంది. మన పల్లెల్లో మెట్టతామర ఆకు నూరి పెట్టేవారు. ఆ చెట్టుకు ఆ పేరే అందుకని వచ్చింది. దానిని నేను తిట్టను. కాని ఆకు నూరుకుంటూ రెండు నెలలు గడిపి, వొళ్ళంతా పాకిన తరువాత దవాఖానాకు పోవడం తెలివైన పని కాదు.

మరి యింత మంచి మందులు వుండగా చిక్కు యెక్కడ వచ్చింది? చిక్కు ఆ నాలుగో మందులో వచ్చింది. దానిని స్టీరాయిడ్ అంటారు.

దురద, యెరుపు, వాపు, యివి బూజు చేసేవి కావు. బూజును తరమడానికి మన శరీరం చేసే గలాటా అది. ఇంటిలో దొంగ పడితే కుక్క మొరుగుతుంది. స్టీరాయిడ్ ఆ కుక్కను నిద్రపుచ్చుతుంది. మొరుగుడు ఆగింది కనుక దొంగ పోయినాడని మనం పడుకుంటాము. దొంగ నింపాదిగా అన్ని అర్రలూ తిరుగుతాడు. నాకు ఆ రాత్రే దురద చల్లబడిన రహస్యం యిది. నాలుగు నెలల్లో మచ్చ నడుమంతా పాకిన రహస్యం కూడా యిదే. గుండ్రని రూపం కూడా చెదిరిపోయి, మచ్చలో మచ్చ, వలయంలో వలయం లేచి, చూసిన డాక్టరు కూడా ఒకసారి తటపటాయించే స్థితి వస్తుంది.

అంతటితో పోదు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. తొడల సందుల్లో, చంకల్లో చారలు పడతవి. గర్భిణీ పొట్టమీద పడే చారల వంటివి, కాని వెడల్పుగా, యెర్రగా. ఆ చారలు తామర పోయినా పోవు. నాకు రెండువైపులా వున్నవి, జీవితాంతం వుంటవి. ముఖానికి పూస్తే మొటిమలు, యెర్రదనం, సన్నని నరాలు బయటపడడం, అవాంఛిత రోమాలు. రంగు తెలుపు వస్తుందని యీ క్రీములే ముఖానికి పూసేవారు వున్నారు. మానితే ముఖం మండుతుంది, మండుతుందని మళ్ళీ పూస్తారు. ఆ ముఖానికి మన దేశపు వైద్యులే 2008లో ఒక పేరు పెట్టవలసి వచ్చింది: స్టీరాయిడ్ చెరిచిన ముఖము అని దాని అర్థం. పసిపిల్లల చర్మం లేతది, మందు లోనికి యెక్కువ యింకుతుంది. ఎదుగుదల మీద కూడా దెబ్బ తగలవచ్చు. మా పాపకు మూడు రోజులే పూశాము కనుక బయటపడ్డాము.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. స్టీరాయిడ్ చెడ్డ మందు కాదు. గజ్జి కాని దురదలకు, సోరియాసిస్‌కు, యెగ్జిమాకు డాక్టర్లు దానిని కొలిచి, యిన్ని రోజులని చెప్పి యిస్తారు, ప్రాణం లేచి వస్తుంది. మీకు అట్లా రాసి యిచ్చి వుంటే నా మాట విని మానవద్దు. ఆపదలు వచ్చేవి చీటీ లేకుండా, పేరు చూడకుండా, గడువు లేకుండా పూయడం వల్ల. చాలాకాలంగా పూస్తున్నవారు కూడా ఒక్కసారిగా విసిరివేయకుండా డాక్టరుకు చూపించి మానడం మంచిది.

ప్రభుత్వం యేమీ చేయలేదా అంటే, చేసింది. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పద్నాలుగు రకాల పైపూత స్టీరాయిడ్లను డాక్టరు చీటీ మీదనే అమ్మాలనే జాబితాలో, అనగా షెడ్యూల్ హెచ్‌లో, చేర్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో 328 రకాల కలిపి చేసిన మందులను నిషేధిస్తే, వాటిలో యిటువంటి మూడు నాలుగు మందుల మిశ్రమపు క్రీములు కొన్ని వున్నవి. చట్టం కాగితం మీద గట్టిదే. కాని జనగామ బస్టాండు నుండి మన వూరి అంగడి దాకా యెవరు చీటీ అడుగుతున్నారో మీరే చెప్పండి. ఊళ్ళో సూది వేసేవారు దురదకని వేసే సూదిలో కూడా ఒక్కోసారి స్టీరాయిడే వుంటుంది. అందుచేత కాపలా మనమే కాయాలి.

ఎట్లా కాయాలి? ట్యూబు చేతికి రాగానే పెద్ద అక్షరాల పేరు చూడవద్దు, అది కంపెనీ పెట్టుకున్న పేరు. చిన్న అక్షరాలు చూడండి. చదువు రాకపోతే యింట్లో బడికి పోయే పిల్లవాడికి యివ్వండి. లోపల ఒకే ఒక్క మందు పేరు వుండాలి. దాని చివర "జోల్" వుంటే, లేదా టెర్బినాఫిన్ అని వుంటే, అది బూజు మందు. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, డెక్సామెథసోన్, ఫ్లూసినొలోన్, వీటిలో యే ఒక్కటి కనబడినా అది స్టీరాయిడ్. గుర్తుకు ఒక కిటుకు చెబుతాను. "జోల్" బూజుకు, "సోన్" స్టీరాయిడుకు. క్లోబెటసాల్ ఒక్కటి మోసకారి. క్లోట్రిమజోల్‌కూ దానికీ పేరు దగ్గరగా వినబడుతుంది. ఒకటి "సాల్", ఒకటి "జోల్". దుకాణంలో నోటితో చెప్పి తెచ్చుకుంటే యిది పోయి అది రావచ్చు. కాగితం మీద రాయించుకొని పొండి. అట్టమీద "ఆర్ ఎక్స్" గుర్తు, షెడ్యూల్ హెచ్ అనే హెచ్చరిక వుంటే అది చీటీ లేకుండా కొనవలసిన మందు కాదు. గడువు తేదీ కూడా చూడండి. విత్తనాల సంచి మీద చూస్తారు గద!

ఇక పూసే విధానము. ఇందులోనే నూటికి తొంభైమంది పొరపాటు చేస్తారని నా అనుమానం.

స్నానం చేసి, మెత్తని బట్టతో అద్ది, తడి పూర్తిగా ఆరనివ్వాలి. తడిమీద మందు నిలవదు. తరువాత మచ్చ అంచుకు రెండు సెంటీమీటర్ల బయటనుండి మొదలుపెట్టి లోపలికి పూస్తూ రావాలి. మనం చాలామందిమి మధ్యలో దట్టంగా మెత్తి, అంచుకు వచ్చేసరికి ఆపేస్తాము. నిప్పు అంటుకున్న గడ్డివాము చుట్టూ ముందు గీత గీస్తాము గద, అట్లా బయటనుండి రావాలి. పలుచగా పూస్తే చాలు. క్లోట్రిమజోల్ వంటివి దినానికి రెండుసార్లు. పూసిన తరువాత చేతులు సబ్బుతో కడగాలి.

ఎంత పూయాలి? దీనికి డాక్టర్లకు ఒక కొలత వున్నది. పెద్దవారి చూపుడు వేలి చివర నుండి మొదటి కణుపు గీత దాకా ట్యూబు నుండి పిండితే అది సుమారు అర గ్రాము. ఆ అర గ్రాము రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఇప్పుడు లెక్క వేయండి. రెండు అరచేతుల మచ్చ, దినానికి రెండుసార్లు, అంటే దినానికి ఒక గ్రాము. నాలుగు వారాలకు యిరవై యెనిమిది గ్రాములు. పదిహేను గ్రాముల చిన్న ట్యూబు సగానికే అయిపోతుంది. అది అయిపోగానే, దురద కూడా లేదు గద అని, మానేస్తాము. అక్కడ చెడిపోతుంది. మచ్చ కనబడకుండా పోయిన తరువాత కూడా రెండు వారాలు పూయాలి. కలుపు పైన కోస్తే పొలం శుభ్రంగా కనబడుతుంది. తుంగగడ్డ సంగతి మీకు నేను చెప్పాలా?

సగం సగం మందు వాడితే యేమవుతుందో పత్తి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 2002లో బిటి పత్తి వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు పీడ వదిలిందనుకొన్నాము. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి రకం బిటికి తట్టుకుంటున్నట్లు తేలింది. తరువాత రెండో రకం కూడా దానిని ఆపలేకపోయింది. తామర బూజు కూడా ఆ దారినే నడుస్తున్నది. గత పది పన్నెండేండ్లుగా మన దేశమంతటా మొండి తామర వ్యాపించింది. దాని బూజును జపాన్ శాస్త్రజ్ఞులు 2020లో ప్రత్యేక జాతిగా గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినీయే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం వున్నది, అది గొప్ప విషయం కాదు. ఈ జాతిలో చాలా వాటికి టెర్బినాఫిన్ సరిగా పనిచేయదు. 2023లో అమెరికాలో న్యూయార్కు నగరంలో కూడా దీనిని కనుగొన్నట్లు ప్రకటించారు. కనుక రెండు మూడు వారాలు సరిగా పూసినా తగ్గకపోతే ట్యూబు మార్చి ట్యూబు కొనవద్దు. డాక్టరు దగ్గరికి పొండి. ఈ రోజుల్లో చాలామందికి పూత ఒక్కటే చాలక, వారాల తరబడి మాత్రలు కూడా వేయవలసి వస్తున్నది. ఆ మాత్రలు మాత్రం దుకాణంలో అడిగి కొనవద్దు. కొన్ని కాలేయానికి హాని చేయవచ్చు, కొన్ని యితర మందులతో పొసగవు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండెకు మందులు వాడేవారు తప్పక చెప్పి రాయించుకోవాలి.

తలలో తామర వచ్చి పిల్లలకు జుట్టు వూడినా, గోళ్ళు పుచ్చినా, క్రీము పనిచేయదు. అది వేరుదాకా పోదు. వొంట్లో చక్కెర వ్యాధి వున్నవారు, కాలివేళ్ళ సందులు పాసి పగిలితే అశ్రద్ధ చేయవద్దు. ఆ పగులులో నుండి పెద్ద పుండు లేస్తుంది.

ఇక, తామర కానిదానికి తామర మలాము పూయడం. ఇది యెక్కువ ప్రమాదం. వయ్యారిభామ మొక్కనే తీసుకోండి. 1950వ దశకంలో పూణే వైపు మొదట కనబడి దేశమంతా పాకిన యీ కలుపును పీకినవారికి మెడ, ముఖం, మోచేతులు యెర్రబడి దురద పెడతవి. అది ఆ మొక్క సరిపడకపోవడం, బూజు కాదు. రాత్రిపూట దురద యెక్కువై, చేతివేళ్ళ సందుల్లో పొక్కులు లేచి, యింట్లో అందరూ గోకుతూ వుంటే అది గజ్జి. దాని పురుగు వేరు, మందు వేరు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. రంగు తగ్గిన మచ్చ, దురద లేదు, దాని మీద దూదిపోగు తాకించినా తెలియదు. దానికి యే మలామూ పూయవద్దు. అది కుష్ఠు కావచ్చు. భయపడవలసిన పని లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, వేళకు వాడితే పూర్తిగా నయమవుతుంది. కాని శోభి అని, తామర అని యేండ్ల తరబడి పూతలతో గడిపితే నరాలు చచ్చి వేళ్ళు వంకర పోతవి. అవి తిరిగి రావు. సిగ్గుపడి దాచుకున్నవారే యెక్కువ నష్టపోతారు.

ఇంట్లో పాటించవలసినవి కొన్ని వున్నవి. మొదట మొలతాడు. కొందరికి నచ్చదని తెలుసు. కాని చెమట, మురికి, బూజు అన్నీ ఆ దారంలో నిలుస్తవి. తామర వున్నన్నాళ్ళు తీసివేయండి. డాక్టరమ్మగారు నాదాన్ని అక్కడికక్కడే కత్తిరించింది. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తువ్వాలు, లుంగీ, దువ్వెన యెవరివి వారికే. లోపలి బట్టలు వేడినీళ్ళలో వుతికి, తిరగేసి, యెండలో ఆరవేయాలి. మా పాప కాదు, మేము పెద్దవాళ్ళమే తడిబట్టలు మంచంపట్టె మీద ఆరవేసి మరునాడు కట్టుకునేవాళ్ళం. దేవాదుల నీళ్ళు బొమ్మకూరు జలాశయానికి వచ్చిన తరువాత మన దగ్గర వరి పెరిగింది, బురదలో నిలబడే గంటలూ పెరిగినవి. పొలంనుండి రాగానే కాళ్ళు కడిగి వేళ్ళ సందులు తుడుచుకోండి. బూట్లు వాడేవారు వాటిని రాత్రి బోర్లించి ఆరనివ్వండి. ఇంట్లో యిద్దరికి వుంటే యిద్దరూ ఒకేసారి మందు మొదలుపెట్టాలి. పక్క రైతు కొట్టకుండా మీరొక్కరే కొడితే పురుగు పోతుందా?

పశువుల సంగతి కూడా మరచిపోవద్దు. దూడల కళ్ళ చుట్టూ, మెడమీద, బూడిదరంగు పెచ్చులు కట్టి వెంట్రుక వూడితే అది కూడా తామరే. దూడను నిమిరిన పిల్లలకు అంటుకుంటుంది. పశువైద్యునికి చూపించి, ముట్టుకున్న తరువాత చేతులు కడగండి.

మొన్న వానాకాలంలో ఒక ముసలి రైతు రైతు వేదికకు ప్లాస్టిక్ సంచి పట్టుకొని వచ్చాడు. "సారూ, నువ్వు చెప్పినవు గద, అన్ని తెచ్చిన" అని బల్లమీద కుమ్మరించాడు. పిండి చుట్టలు చుట్టిన ట్యూబులు, అయిదు. ఈసారి ఆయన పక్కకు పిలవలేదు, పదిమంది ముందే కుమ్మరించాడు. అందరమూ కలిసి చిన్న అక్షరాలు చదివాము. ఒక్కటి క్లోట్రిమజోల్. మిగిలిన నాలుగింటిలో స్టీరాయిడ్ వున్నది. ఒకదానికి గడువు కూడా తీరిపోయింది. ఆ సంచితోనే ఆయనను జనగామ బస్సు యెక్కించాను, ట్యూబులన్నీ డాక్టరుకు చూపించమని చెప్పి. నాకు పట్టినట్లే ఆయనకూ మూడు నెలలు పట్టింది. ఇప్పుడు దూడ కంటి చుట్టూ బూడిద పెచ్చు కట్టిందని, తనకు మిగిలిన క్రీము దానికి పూయవచ్చునా అని అడుగుతున్నాడు. పశువుల దవాఖానాకు పంపించాను.